వాన పడితే మినుకులు, పడకపోతే ఎడతెగని రెడ్: ఈ సిగ్నల్‌కి జబ్బేమిటి?

మూలమలుపు (ప్రశ్న)

ఒక పెద్ద రోడ్డు, దాన్ని అడ్డంగా దాటే చిన్న రోడ్డు. ఆ నాలుగు రోడ్ల కూడలిలో ఉన్న సిగ్నల్ గురించి అడుగుతున్నాను. చుట్టుపక్కల ఉండేవాళ్ళందరం విసిగిపోయాం. ఫిర్యాదు ఇచ్చిన రెండు రోజులకి "పరిశీలించాం, లోపం కనబడలేదు" అని మూసేస్తున్నారు. మళ్ళీ ఇస్తే మళ్ళీ అదే జవాబు. అందుకని కనిపించినవన్నీ కనిపించినట్టు రాస్తున్నాను, ఏది దేనివల్లో తెలిసినవాళ్ళు చెప్పండి.

వాన గట్టిగా పడితే అరగంటలోపు మొత్తం మినుకుల్లోకి, అంటే లైట్లు వెలిగి ఆరుతూ ఉండే స్థితిలోకి వెళ్ళిపోతుంది. పెద్ద రోడ్డుకి పసుపు, చిన్న రోడ్డుకి ఎరుపు. వాన వెలిసినా మామూలుగా అవదు. ఎవరో వచ్చి రోడ్డు పక్కనున్న పెట్టె తెరిచి ఏదో నొక్కితేనే దారిలో పడుతుంది. ఎండ రోజుల్లో ఒక్కసారి కూడా ఇలా కాలేదు.

రాత్రిపూట చిన్న రోడ్డు మీద ద్విచక్ర వాహనం ఒక్కటే ఆగి ఉంటే గ్రీన్ పడనే పడదు. వెనకాల కారు వచ్చి ఆగితే అప్పుడు పడుతుంది.

పొద్దున రద్దీ సమయంలో చిన్న రోడ్డుకి గ్రీన్ వస్తుంది కానీ మూడు నాలుగు బండ్లు కదిలేసరికి పోతుంది. ఇది మొదటినుంచీ లేదు. రెండు నెలల కిందట ఒక రాత్రి చాలాసేపు కరెంటు పోయింది, అప్పటినుంచే.

పెద్ద రోడ్డు మీద ఒకవైపు రెడ్ లైటు కింది సగం వెలగదు. ఎండ ఎదురుగా పడితే వెలుగుతోందో లేదో కూడా తెలియదు.

టైమర్ మార్చాలని కొందరు, పెట్టె మొత్తం మార్చాలని కొందరు అంటున్నారు. అసలు ఏం అడగాలి?

---

క్యాబినెట్_తాళంచెవి

మీ సిగ్నల్‌కి ఉన్నది ఒక జబ్బు కాదండి, నాలుగు. నాలుగూ కలిపి "సిగ్నల్ పనిచేయట్లేదు" అని ఇస్తే, టెక్నీషియన్ ఎండపూట వచ్చి పెట్టె తెరుస్తాడు, అన్నీ వరసగా తిరుగుతూ కనిపిస్తాయి, మూసేసి వెళ్ళిపోతాడు. అతను రాసింది అబద్ధం కూడా కాదు. ఆ నిమిషంలో లోపం లేదు మరి.

వాన సంగతి, సగం రెడ్ సంగతి నేను చెప్తాను.

మినుకులంటే సిగ్నల్ చచ్చిపోయిందని కాదు. లైట్లని నడిపే కంట్రోలర్ కాకుండా పెట్టెలో ఇంకో కాపలా ఉంటుంది, కాన్‌ఫ్లిక్ట్ మానిటర్ అని. కంట్రోలర్ ఏం ఆజ్ఞ ఇచ్చిందో దానికి అక్కర్లేదు. స్తంభాల వైపు వెళ్ళే తీగల మీద నిజంగా ఎంత వోల్టేజ్ ఉందో కొలుస్తూ కూర్చుంటుంది. ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు దారులకి ఒకేసారి గ్రీన్ వోల్టేజ్ కనబడిందా, అర సెకను కూడా ఓపిక పట్టదు. అమెరికాలో వాడే నేమా (విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం) ప్రమాణం ప్రకారం 450 మిల్లీసెకన్లకి మించి అలా ఉంటే కచ్చితంగా మినుకుల్లోకి నెట్టాలి. వెంటనే రిలేలు తిరగబడి కంట్రోలర్‌కీ లైట్లకీ సంబంధం తెగిపోతుంది. ఫ్లాషర్ అనే చిన్న యూనిట్ లైట్లని తన చేతిలోకి తీసుకుని నిమిషానికి 50 నుంచి 60 సార్లు వెలిగించి ఆర్పుతుంది.

ఇక్కడ మీరు రాసిన ఒక్క ముక్క చాలా విలువైనది: మనిషి వచ్చి నొక్కేదాకా బాగవదని. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల వచ్చే మినుకులైతే సరఫరా కుదుటపడిన కాసేపటికి వాటంతటవే పోతాయి. మీది పోవట్లేదు కాబట్టి మానిటర్ ఏదో ప్రమాదాన్ని పట్టుకుని తాళం వేసుకుంది. దానికి రీసెట్ మీట మనిషే నొక్కాలి. ఏ రకం లోపం, ఎన్ని గంటలకి, ఆ క్షణంలో ఏ ఛానల్ (అది కాపలా కాసే ఒక్కో లైట్ల గుంపు) మీద ఎన్ని వోల్టులు ఉన్నాయి అన్నది దాని లాగ్‌లో, అంటే అది రాసుకునే చిట్టాలో ఉంటుంది. లాగ్ చదవకుండా రీసెట్ నొక్కి వెళ్ళడమే అసలు తప్పు.

వానకీ దానికీ లంకె ఎక్కడంటే, సాధారణంగా భూమిలోని జాయింట్ గుంతలో. స్తంభానికి వెళ్ళే కేబుల్‌ని కూడలి మూలల్లో మూతలున్న గుంతల్లో అతుకుతారు. రెసిన్ (పోశాక గట్టిపడే జిగురు) పోసి మూసిన అతుకైతే నీళ్ళలో మునిగినా ఏమీ కాదు. ఉత్త టేపు చుట్టి వదిలేస్తే రెండు మూడు వానలకే జిగురు వదిలి టేపు విచ్చుకుంటుంది, లోపల రాగి ఆకుపచ్చగా చిలుముపడుతుంది. గుంత నిండగానే పెద్ద రోడ్డు గ్రీన్ తీగ మీది కరెంటు ఆ మురికినీటి గుండా పక్క తీగలోకి పాకుతుంది.

పాత ఫిలమెంట్ బల్బుల రోజుల్లో ఈ పాకుడు బయటపడేది కాదు. చల్లగా ఉన్న ఫిలమెంట్ నిరోధం చాలా తక్కువ, దారితప్పి వచ్చిన కొద్దిపాటి కరెంటుని న్యూట్రల్‌లోకి లాగేసేది, వోల్టేజ్ లేచేది కాదు. ఎల్‌ఈడీ లైటు అలా లాగదు. నాలుగైదు మిల్లీ ఆంపియర్లు వచ్చినా తీగ మీద వోల్టేజ్ పైకెక్కి కూర్చుంటుంది. 120 వోల్టుల వ్యవస్థలో ఒక గ్రీన్ తీగ మీద 25 వోల్టులు దాటితే మానిటర్ దాన్ని "వెలుగుతోంది" అనే లెక్కేస్తుంది, కంటికి వెలుగు కనబడకపోయినా సరే. అందుకే ఎల్‌ఈడీలు పెట్టిన చాలా చోట్ల పాత కేబుల్ రోగాలు కొత్తగా బయటపడ్డాయి. తప్పు లైట్లమీద పడింది, పాపం.

వెతికే పద్ధతి ఇది. మెయిన్ ఆపాలి. అనుమానం ఉన్న కేబుల్ తీగల్ని పెట్టె దగ్గరా, లైటు దగ్గరా రెండు చివర్లా విప్పాలి, సర్జ్ అరెస్టర్లని (హఠాత్తుగా వచ్చే అధిక వోల్టేజ్‌ని మళ్ళించే పరికరాలు) కూడా తప్పించాలి. లేకపోతే మెగ్గర్ (తీగ పూత ఎంత గట్టిగా ఉందో నిరోధం కొలిచి చెప్పే పరికరం) వోల్టేజ్ వాటి మీద పడి రీడింగూ తప్పొస్తుంది, సామానూ పాడవుతుంది. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో తీగకీ తీగకీ మధ్య, తీగకీ ఎర్త్‌కీ మధ్య కొలవాలి. పొడి గుంతలో రీడింగ్ బ్రహ్మాండంగా వస్తుంది, అక్కడితో ఆగకూడదు. గుంతలో నాలుగు బకెట్ల నీళ్ళు పోసి, అతుకు మునిగాక పావుగంట ఆగి మళ్ళీ కొలవాలి. వందల మెగోమ్‌ల (మెగోమ్ అంటే పది లక్షల ఓమ్‌లు) నుంచి ఒక మెగోమ్ కిందికి జారితే దొంగ దొరికినట్టే. అతుకు కోసేసి కొత్తగా వేసి రెసిన్ పోయడం ఒక పూట పని. గుంతలో బాగానే ఉంటే అప్పుడు స్తంభం పైన కేబుల్ దూరే చోటు, లైటు తలుపు రబ్బరు, పెట్టె అడుగున మూయకుండా వదిలేసిన పైపులు చూడాలి.

సగం రెడ్ గురించి. లోపల ఎల్‌ఈడీలు వరసలు వరసలుగా ఉంటాయి, ఒక వరస తెగితే ఆ వరస మేరకి చీకటి. మానిటర్ చూసేది వోల్టేజ్‌ని, వెలుగుని కాదు. తీగ మీద వోల్టేజ్ ఉన్నంతకాలం దాని దృష్టిలో రెడ్ దివ్యంగా ఉంది. పెట్టె దగ్గర నిలబడినవాడికి ఎన్నటికీ తెలియని లోపం ఇది, రోడ్డు మీద వెళ్ళేవాడే చెప్పాలి. 300 మిల్లీమీటర్ల రెడ్ మాడ్యూల్ మొత్తంగా మార్చేయడమే, నిచ్చెన బండి వస్తే ఇరవై నిమిషాల పని. పాతదాన్ని విప్పి చూస్తే పవర్ సప్లయ్‌లోని కెపాసిటర్ తల ఉబ్బి ఉండటం మామూలే. అప్పుడు సగం కాదు, మొత్తం లైటు వణుకుతుంది లేదా ఆరిపోతుంది. కాబట్టి సగం దశలోనే మార్పించండి.

---

రాగితీగ

పై జవాబుకి నా ఓటు. రెండో సమస్య నాకు అలవాటైన సంగతి.

ద్విచక్ర వాహనానికి పడక, కారు వస్తే పడుతోందంటే చిన్న రోడ్డుకి గ్రీన్ అడిగే పని డిటెక్టర్ చేతిలో ఉందన్నమాట. ఆగే గీత దగ్గర రోడ్డు మీద నల్లటి తారులాంటి పదార్థంతో పూడ్చిన సన్నని కోత గీతలు, చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో, ఉన్నాయేమో చూడండి. ఉంటే అది ఇండక్టివ్ లూప్. లేకపోతే స్తంభం చేతి మీద కెమెరానో రాడారో ఉంటుంది, దాని కథ వేరు.

బండి బరువుని బట్టి తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ కోతలో రాగి తీగ మూడు నాలుగు చుట్లు ఉంటుంది, అందులో పదుల కిలోహెర్ట్జ్‌ల కరెంటు తిరుగుతూ ఉంటుంది. పైన లోహం వచ్చి నిలబడితే అందులో సుడి కరెంట్లు పుట్టి లూప్ ఇండక్టెన్స్ తగ్గుతుంది, పెట్టెలోని డిటెక్టర్ కార్డు ఆ తేడాని పసిగడుతుంది. కారు అడుగుభాగం వెడల్పాటి పళ్ళెంలా లూప్‌ని కప్పేస్తుంది కాబట్టి తేడా శాతాల్లో ఉంటుంది. ద్విచక్ర వాహనం నిలువుగా పెట్టిన సన్నటి పలక లాంటిది. లూప్ నట్టనడుమ ఆగితే తేడా దాదాపు సున్నా. అదే కోత గీత మీద, అంటే తీగకి సరిగ్గా పైన, రెండు చక్రాలూ గీత వెంబడి ఉండేలా ఆగితే చాలాసార్లు దొరికిపోతుంది. ఈ రాత్రికి చేయదగిన చిట్కా ఇదొక్కటే.

ఇంకోటి, ఆగే గీత దాటి ముందుకెళ్ళి నిలబడకండి. లూప్ మీంచి దిగిపోగానే చాలా కంట్రోలర్లు ఆ పిలుపుని మర్చిపోతాయి. అలా మర్చిపోయేట్టే సెట్ చేసి ఉంటారు, ఎడమవైపు తిరిగి వెళ్ళిపోయిన బండి కోసం పెద్ద రోడ్డుని ఊరికే ఆపకూడదని.

లూప్ తీగ పూర్తిగా తెగి ఉంటుందని నేననుకోవట్లేదు. తెగితే కార్డు లోపం ప్రకటించి, భద్రత కోసం "బండి ఉంది, బండి ఉంది" అని ఎడతెగకుండా పిలుస్తుంది. అప్పుడు లక్షణం తలకిందులు: చిన్న రోడ్డు మీద పిట్ట లేకపోయినా ప్రతి సైకిల్‌లోనూ (లైట్లన్నీ ఒక చుట్టు తిరిగే కాలం) గ్రీన్ వస్తుంది. మీకు కారు దొరుకుతోంది, చిన్న బండి దొరకట్లేదు. కాబట్టి అనుమానం మూడింటి మీద.

మొదటిది, కార్డు సెన్సిటివిటీ తక్కువలో ఉండటం. ముందువైపు మీటనో మెనూనో ఒకటి రెండు మెట్లు పెంచి, నిజంగా ఒక ద్విచక్ర వాహనాన్ని నిలబెట్టి చూడాలి. అతిగా పెంచితే పక్క లేన్‌లో వెళ్ళే లారీకి కూడా పిలుపు పడుతుంది, కాబట్టి మెట్టు మెట్టుకీ పరీక్ష ఉండాలి. రెండోది, రోడ్డు మీద కొత్త పొర వేసి ఉండటం. లూప్ ఎంత లోతుకి పోతే అంత మందగిస్తుంది, దెబ్బ మొదట తగిలేది చిన్న బండ్లకే. మూడోది, పక్కపక్క లూప్‌లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండి ఒకదాన్నొకటి చెడగొట్టుకోవడం. కార్డు మీద ఫ్రీక్వెన్సీ మార్చే మీట ఉంటుంది, పక్కదానికి దూరంగా జరిపితే పోతుంది.

కొత్త లూప్ వేయాల్సి వస్తే నాణ్యత తేలేది కోత దగ్గరే. మూలలు 90 డిగ్రీల్లో వదిలేస్తే ఎండకి రోడ్డు సాగి ముడుచుకున్నప్పుడల్లా తీగ పూత ఆ మూల దగ్గర ఒరుసుకుంటుంది. అందుకే మూలల్ని ఏటవాలుగా కోయాలి. కోతని గాలితో ఊది పూర్తిగా ఆరబెట్టాక, మధ్యలో అతుకు లేని ఒకే తీగతో చుట్లు వేయాలి. గుంత దాకా వెళ్ళే రెండు కొసల్నీ ఒకదానికొకటి మెలిపెట్టాలి, మీటరుకి కనీసం 16 మెలికలు. మెలి లేకపోతే ఆ కొసలు కూడా లూప్‌లాగే ప్రవర్తించి దారినపోయే బండ్లని లెక్కపెడతాయి. అతుకు సోల్డర్ చేసి రెసిన్‌లో ముంచాలి. చివర్లో రెండు కొలతలు: ఎర్త్‌కి 500 వోల్టుల మెగ్గర్‌తో 100 మెగోమ్‌ల పైన, తీగ నిరోధం కొద్ది ఓమ్‌లు. ఈ రెండు అంకెలూ పెట్టె తలుపు లోపల అంటించిన కాగితం మీద ఉండాలి. ద్విచక్ర వాహనాలు ఎక్కువగా ఉంటే నడుమ ఇంకో తీగ వచ్చేలా ఎనిమిది అంకె ఆకారంలో చుట్టే క్వాడ్రపోల్ లూప్ అడగండి.

ఇదంతా అయ్యేదాకా ఊరుకోనక్కర్లేదు. కంట్రోలర్‌లో ఆ ఫేజ్‌ని (సైకిల్‌లో చిన్న రోడ్డు వంతు) "రీకాల్"లో పెట్టమనండి. డిటెక్టర్ చెప్పినా చెప్పకపోయినా ప్రతి సైకిల్‌లోనూ చిన్న రోడ్డుకి కనీస గ్రీన్ వస్తుంది. ఒక్క సెట్టింగు. పెద్ద రోడ్డు రాత్రిపూట అప్పుడప్పుడు ఊరికే ఆగుతుంది, అంతే నష్టం.

---

అడుగుజాడ

చిన్న చేర్పు. పెద్ద రోడ్డు దాటేందుకు పాదచారుల బటన్ ఉంటే, అది నొక్కినా చిన్న రోడ్డుకి గ్రీన్ వస్తుంది. ఎందుకంటే పెద్ద రోడ్డు దాటే నడకదారి, చిన్న రోడ్డు వాహనాలు ఒకే ఫేజ్‌లో కదులుతాయి. పైగా ఆ గ్రీన్ నిడివి కూడా ఎక్కువ: సెకనుకి 1.2 మీటర్ల నడక లెక్కన 14 మీటర్ల రోడ్డు దాటడానికి 12 సెకన్లు, దానికి ముందు నడిచే బొమ్మ వెలిగే కొన్ని సెకన్లు.

బటన్ పనిచేస్తోందో లేదో ఇలా చూడొచ్చు. రాత్రి బండ్లు లేనప్పుడు ఒకసారి నొక్కి రెండు సైకిళ్ళు ఆగండి. నడిచే బొమ్మ రాకపోతే బటన్ లోపల కాంటాక్టు పోయింది. ఎవరూ నొక్కకపోయినా ప్రతిసారీ వస్తుంటే బటన్ ఇరుక్కుపోయింది. రెండూ విడి ఫిర్యాదులే.

---

సైకిల్_లెక్కలు

పొద్దున గ్రీన్ చాలకపోవడం గురించి. లూప్‌కి దీంతో సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు. కొలవకుండా ఊహించడం వద్దు. మీరు కొలవాల్సినవి మూడే: చిన్న రోడ్డు గ్రీన్ ఎన్ని సెకన్లు, ఒక గ్రీన్ మొదలు నుంచి మళ్ళీ గ్రీన్ మొదలు దాకా ఎన్ని సెకన్లు, ఆ గ్రీన్‌లో ఎన్ని బండ్లు గీత దాటాయి. ఒక్కోసారి వరసగా పది సైకిళ్ళు రాయండి. పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా గంటకోసారి, అలా నాలుగు రోజులు, అందులో ఒక ఆదివారం ఉండాలి. ఫోన్‌లో వీడియో తీసి తర్వాత లెక్కపెట్టుకుంటే తేలిక. సైకిల్ నిడివి ఏ గంటకి మారుతోందో అది ముఖ్యంగా గమనించండి.

కరెంటు పోయిన రాత్రి నుంచే అన్నారు కదా, నా అనుమానం గడియారం మీద. కొలతలు వచ్చాక మాట్లాడుకుందాం.

---

మూలమలుపు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. కోత గీతలు ఉన్నాయి, లూపే. రోడ్డు మీద కొత్త పొర వేసిన గుర్తు కూడా ఉంది, కోత గీతలు ఒకచోట మాత్రమే లీలగా కనిపిస్తున్నాయి.

నలుగురం వంతులేసుకుని కొలిచాం. సోమ, మంగళవారాల్లో ఉదయం 7 నుంచి సైకిల్ 70 సెకన్లు, చిన్న రోడ్డు గ్రీన్ 9 సెకన్లు, దాటినవి మూడు లేదా నాలుగు కార్లు. రద్దీ మండిపోతున్న 9 గంటలకీ అదే 70. ఉదయం 10:30 దాటగానే సైకిల్ 120కి, గ్రీన్ 26కి మారింది. అప్పటికి రోడ్డు ఖాళీ. మధ్యాహ్నం 1:30కి 90 సెకన్లకి దిగింది. సాయంత్రం 7:30కి మళ్ళీ 120, అది రాత్రి 11:30 దాకా.

బుధవారం వింతగా ఉంది. రోజంతా 90 సెకన్లే, 120 రానే లేదు. ఆదివారం మాత్రం 10:30కి 120 వచ్చింది!

ఎవరో సైకిల్‌ని 200 సెకన్లు చేయిస్తే సరిపోతుందంటున్నారు. అడగమంటారా?

---

సైకిల్_లెక్కలు

ఇంత శుభ్రమైన కొలతలు చూసి చాలా రోజులైంది. గడియారమే. చూడండి:

120 సెకన్ల ప్లాన్ (రోజులో ఒక వేళకి పెట్టిన టైముల పట్టిక) ఎవరైనా ఉదయం 8 నుంచి 11కీ, సాయంత్రం 5 నుంచి 9కీ పెడతారు. మీ దగ్గర 10:30 నుంచి 1:30కీ, 7:30 నుంచి 11:30కీ నడుస్తోంది. రెండూ సరిగ్గా రెండున్నర గంటలు ఆలస్యం, నిడివులు మాత్రం మూడు గంటలు, నాలుగు గంటలు, ఎక్కడా చెదరలేదు. అంటే ప్లాన్లు మంచివే, వాటిని పిలిచే గడియారం వెనకబడింది. పైగా దాని లెక్కలో బుధవారమే ఆదివారం.

కారణం ఇలా ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నిలబెట్టేది కంట్రోలర్ బోర్డు మీది చిన్న లిథియం సెల్లు. అది అయిపోయినా కరెంటు ఉన్నన్నాళ్ళూ ఎవరికీ తెలియదు. ఆ రాత్రి కరెంటు పోయింది, గడియారం చచ్చింది. కరెంటు వచ్చాక ఫ్యాక్టరీలో పెట్టిన తేదీ, సున్నా గంటల నుంచి మొదలైంది. తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో వచ్చి ఉంటుంది, తేడా అక్కడ్నుంచే. ఆ తర్వాత మళ్ళీ పెద్ద కోత లేనట్టుంది, ఉంటే తేడా ఇంకోలా మారిపోయేది.

దీనివల్ల ఎంత నష్టమో లెక్క చూద్దాం. గ్రీన్ పడ్డాక మొదటి బండ్లు కదలడంలో సుమారు 2 సెకన్లు పోతాయి, ఆ తర్వాత లేన్‌కి ఒక్కో కారు 2 సెకన్ల చొప్పున దాటుతుంది. 9 సెకన్ల గ్రీన్‌లో 7 మిగిలాయి, అంటే మూడున్నర కార్లు. మీరు లెక్కపెట్టింది కూడా మూడు, నాలుగు. 70 సెకన్ల సైకిళ్ళు గంటకి 51, కాబట్టి గంటకి 180 కార్లు. 26 సెకన్ల గ్రీన్‌లో 12 కార్లు, 120 సెకన్ల సైకిళ్ళు గంటకి 30, కాబట్టి గంటకి 360. సరిగ్గా సగం సామర్థ్యంతో పొద్దుటి రద్దీని ఈదుతున్నారు.

ఈ లెక్క చూపించి "గ్రీన్ పెంచండి" అని మాత్రం అడగకండి. అడిగితే ఎవరో పుణ్యాత్ముడు ఆ 9ని 20 చేసి వెళ్తాడు. ఆ 9 ఉన్నది రాత్రి ప్లాన్‌లో. రేపు గడియారం సరిచేశాక నిజమైన అర్ధరాత్రి పెద్ద రోడ్డు అకారణంగా ఆగుతుంది, అప్పుడు అటువైపు వాళ్ళు ఫిర్యాదు చేస్తారు. అడగాల్సింది: గడియారం, వారం సరిచేయండి, సెల్లు మార్చండి. మార్చాక పది నిమిషాలు మెయిన్ ఆపి, మళ్ళీ వేసి, టైము నిలబడిందో లేదో చూడండి. ఈ చివరి పరీక్ష చేయకపోతే వచ్చే కోతకి మళ్ళీ మొదటికే వస్తుంది. వీలుంటే జీపీఎస్ నుంచి టైము తీసుకునే మాడ్యూల్ పెట్టించాలి. మామూలు క్రిస్టల్ గడియారం పది లక్షలకి 20 వంతులు తప్పినా రోజుకి 1.7 సెకన్లు, నెలకి దాదాపు 50 సెకన్లు తేడా వస్తుంది. పక్క కూడలితో పొంతన చెడిపోవడానికి అది చాలు.

200 సెకన్ల ఆలోచన మానుకోండి. రెండు ఫేజుల సిగ్నల్‌లో సైకిల్‌కి సుమారు 8 సెకన్లు ఎవరికీ పనికిరాకుండా పోతాయి. 120లో అది 6.7 శాతం, 200లో 4 శాతం. లాభం మూడు శాతం కూడా లేదు, చిన్న రోడ్డు వాళ్ళు రెడ్‌లో నిలబడేది మాత్రం 120తో పోలిస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

---

ఫైలు_నంబరు

జబ్బులు తేలాయి కాబట్టి కాగితం సంగతి. నాలుగు ఫిర్యాదులు, నాలుగు నంబర్లు. ఒకదానిలో రెండు కలిపితే తేలికైనది చేసి రెండూ మూసేస్తారు. తిలాపాపం తలా పిడికెడు, ఎవరినీ అడగలేరు.

ప్రతిదానిలోనూ పెట్టె మీద రాసి ఉన్న గుర్తింపు సంఖ్య, ఏ దిక్కు నుంచి వచ్చే దారి, స్తంభం ఏ మూల, తేదీ, నిమిషంతో సహా సమయం. వాక్యాలు పొట్టిగా. ఉదాహరణకి: "వాన మొదలైన 25 నిమిషాలకి మినుకుల్లోకి వెళ్ళింది, రీసెట్ చేసేదాకా అలాగే ఉంది. మానిటర్ లాగ్ చూసి ఏ ఛానళ్ళో తెలపండి. జాయింట్ గుంతలు తడిపి మెగ్గర్ పరీక్ష చేయండి." రెండోది: "ఆగే గీత దగ్గర లూప్ ద్విచక్ర వాహనాన్ని గుర్తించట్లేదు. మరమ్మతు అయ్యేదాకా ఆ ఫేజ్‌ని రీకాల్‌లో పెట్టండి." మూడోది గడియారం, మీ కొలతల పట్టిక జతచేసి. నాలుగోది సగం రెడ్, రాత్రి తీసిన ఫోటోతో. పగటి ఫోటోలో నీడ అనేస్తారు.

సగం రెడ్‌ని "ప్రమాదకరం" కింద ఇవ్వండి, అది మిగతావాటికంటే ముందు కదులుతుంది. మళ్ళీ "లోపం కనబడలేదు" అని మూస్తే తిట్టకండి, ఒక్క ప్రశ్న వేయండి: తనిఖీ ఎన్ని గంటలకి జరిగింది, అప్పుడు వాన ఉందా? దానికి జవాబు రాయాలంటే ఫైలు మళ్ళీ తెరవాల్సిందే.

---

మూలమలుపు (ప్రశ్న అడిగినవారు)

నాలుగూ ఇచ్చేశాం. సగం రెడ్ మార్చారు. గడియారానికి మనిషి వస్తానన్నాడు. వీడియోలు చూస్తుంటే ఇంకోటి కనబడింది. పెద్ద రోడ్డుకి పసుపు సరిగ్గా 3 సెకన్లే ఉంటోంది. అక్కడ వేగ పరిమితి గంటకి 60 కిలోమీటర్లు. ఇది కూడా లోపమేనా?

---

సైకిల్_లెక్కలు

లోపమే, కానీ పాడైన లోపం కాదు, అలా పెట్టిన లోపం. వేగాన్ని సెకనుకి మీటర్లలోకి మార్చి, 6.1తో భాగించి, డ్రైవరు తేరుకోవడానికి 1 సెకను కలపాలి. 60 కిలోమీటర్లంటే 16.7 మీటర్లు, భాగిస్తే 2.7, కలిపితే 3.7 సెకన్లు. రోడ్డు సమతలంగా ఉంటేనే ఇది, పల్లం వైపు దిగుతుంటే ఇంకా పెరగాలి. 3 సెకన్లు గంటకి 44 కిలోమీటర్ల వేగానికి సరిపోతుంది.

దీన్ని మరమ్మతు వాళ్ళకి పంపితే "అన్నీ సెట్టింగు ప్రకారమే ఉన్నాయి" అంటారు, నిజమే కూడా. సిగ్నల్ టైమింగ్ డిజైన్ చేసే ఇంజినీరుకి విడిగా రాయండి. రాసేముందు వీడియోని ఫ్రేము ఫ్రేముగా జరిపి లెక్కపెట్టండి. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో పసుపు మొదటిసారి కనబడిన ఫ్రేము నుంచి ఎరుపు కనబడిన ఫ్రేము దాకా 90 వస్తే 3 సెకన్లు, 111 వస్తే 3.7. అయిదు సైకిళ్ళకి అంకెలు రాసి పంపండి, ఒక్కదాన్ని పంపితే పొరపాటంటారు.